1,699 రూపాయల షూతో పద్నాలుగు వారాలు: శక్తినగర్‌లో మేం చేసిన పరీక్ష

పోయిన దసరాకి ముందు ఒక సాయంత్రం మన సంఘం ఆఫీసుకి ఒక తల్లి వచ్చారు. చందా కోసం అనుకుని రసీదు పుస్తకం తీశాం. ఆమె చందా కట్టి కూడా లేవలేదు. "అన్నయ్యగారూ, మావాడు ఏడు వేల రూపాయల షూ అడుగుతున్నాడు. అది లేకపోతే పరుగులో టైము అందుకోలేనంటున్నాడు. నిజమేనంటారా, లేక వయసు ముచ్చటా?" అని అడిగారు.

ఆమె భర్త థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు పని చేస్తారు. ఏడు వేలంటే ఆ ఇంట్లో దగ్గర దగ్గర సగం నెల. అబ్బాయికి పంతొమ్మిదేళ్లు, కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగాలకి ఎస్ఎస్‌సీ పెట్టే జీడీ పరీక్షకి తయారవుతున్నాడు. జీవితమంతా ఫైళ్లకి నంబర్లు వేసిన మాకు పరుగు షూ సంగతి ఏం తెలుసు? "కనుక్కుని చెబుతామమ్మా" అన్నాం. ఆ కనుక్కోవడం పద్నాలుగు వారాలు పట్టింది.

ఇది ఒక్క ఇంటి సంగతి అయితే ఇంత రాయనక్కరలేదు. 1985లో ఇక్కడ మొదటి యూనిట్ మొదలయ్యాక మన వాళ్లు చాలామంది ఈ కేంద్రం మీద ఆధారపడి స్థిరపడ్డారు. ఎనిమిది యూనిట్లు, 1,720 మెగావాట్లు అయ్యాయి. మన పిల్లలకి మాత్రం ఆ గేటు లోపల పర్మనెంటు ఉద్యోగం అంత తేలిగ్గా దొరకదు. అందుకే ఇంటికొకరు యూనిఫారం ఉద్యోగాల వైపు చూస్తున్నారు. తెల్లవారుజామున టౌన్‌షిప్ రోడ్ల మీద చూడండి, పరుగెత్తే పిల్లల్లో తెలుగు మాటలు ఎన్ని వినిపిస్తాయో. జీడీ పరీక్షలో మగపిల్లలు 5 కి.మీ. 24 నిమిషాల్లో పరుగెత్తాలి. కిలోమీటరుకి 4 నిమిషాల 48 సెకన్లు. ఆడపిల్లలకి 1.6 కి.మీ., ఎనిమిదిన్నర నిమిషాలు. కృష్ణ అవతల తెలంగాణలో మన బంధువుల పిల్లలు రాసే కానిస్టేబుల్ పరీక్షలో, 2022 నోటిఫికేషన్ ప్రకారం, మగవాళ్లకి 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడవాళ్లకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. రాత పరీక్షలో నెగ్గి పరుగులో పది సెకన్లకి ఇంటికి వచ్చిన పిల్లలు మనలోనే ఉన్నారు. ఆ పది సెకన్లకి భయపడే పిల్లలు షూ మీద ఆశ పెట్టుకుంటున్నారు.

రాయచూరు వెళ్లి ఒకే మోడల్ తేలికపాటి రన్నింగ్ షూలు రెండు జతలు కొన్నాం. ఒకటి అబ్బాయికి, 8 నంబరు. ఇంకొకటి మాకు, 7 నంబరు. జత 1,699 రూపాయలు. అబ్బాయి జత సంఘం ఆటల పద్దులోంచి, మా జత మా సొంత డబ్బుతో. (సెక్రటరీ కాళ్లకి సంఘం డబ్బు ఎందుకని కమిటీలో ఒకరు ముందే అడిగారు. అడగాల్సిన మాటే.) కంపెనీ పేరు రాయడం లేదు. సంఘం పేరుతో ప్రచారం చేసినట్టు ఉంటుంది, పైగా ఈ మోడళ్లు ఏడాది తిరిగేలోపు మారిపోతాయి. ఈ ధరలో క్యాంపస్, స్పార్క్స్, ఏషియన్, నివియా లాంటి మన దేశపు కంపెనీలవే బోలెడు దొరుకుతాయి. మేం చూసిన పద్ధతి దేనికైనా సరిపోతుంది.

మొదట తూకం. కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాం. కొట్టు ఆయన నవ్వారు గానీ తూచి ఇచ్చారు. కొత్త షూ ఒక్కోటి 233 గ్రాములు. అబ్బాయి అంతకుముందు వాడుతున్నది పెద్ద కంపెనీ గుర్తు వేసిన 'ఫస్ట్ కాపీ', తొమ్మిది వందలకి రోడ్డు పక్క కొన్నది. అది ఒక్కోటి 352 గ్రాములు తూగింది. తేడా 119 గ్రాములు.

ఈ గ్రాములకి విలువ ఎంత? అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని చక్కగా పరీక్షించారు. రన్నర్లకి తెలియకుండా షూ నాలుకలో సీసపు గుళ్లు పెట్టి 3,000 మీటర్లు పరుగెత్తించారు. ఒక్కో షూకి 100 గ్రాములు పెంచితే టైము 0.78 శాతం పెరిగింది, ఒంటికి అయ్యే శక్తి ఖర్చు ఒక శాతానికి పైగా పెరిగింది. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆ లెక్కనే మన 24 నిమిషాలకి, అంటే 1,440 సెకన్లకి వేస్తే 119 గ్రాముల తేడాకి సుమారు 13 సెకన్లు. అంటే పిల్లవాడు చెప్పింది పూర్తిగా ముచ్చట కాదు, బరువుకి నిజంగానే సెకన్లు ఉన్నాయి. కాకపోతే ఆ సెకన్లు ఏడు వేల షూలోనే ఉండాలని లేదు, పదిహేడు వందల షూలోనూ ఉన్నాయి.

తూకం తర్వాత కొలత. ఇక్కడే మేం దెబ్బతిన్నాం, అందుకే కాస్త వివరంగా చెబుతాం.

మన దేశంలో షూ నంబర్లు బ్రిటిష్ వాళ్లు వదిలి వెళ్లినవి. ఆ నంబరు పాదం పొడవు చెబుతుంది, వెడల్పు చెప్పదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ, సీఎల్ఆర్ఐ, 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా జనం పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచింది. తేలింది ఏమంటే, మన పాదాలు యూరప్ వాళ్ల పాదాల కంటే వెడల్పు. ఆ వెడల్పు కోసం మనం అవసరానికి మించిన పొడవు షూ కొంటాం, లేదా పొడవు సరిపోయిందని వేళ్లు నొక్కుకుంటూ నడుస్తాం. అందుకే 'భా' అనే పేరుతో మన పాదాలకి వేరే కొలతల పద్ధతి ప్రతిపాదించారు. ఆ సంస్థని 1958 నుంచి 1971 దాకా నడిపింది మన యలవర్తి నాయుడమ్మ గారే. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టి, తోలు శాస్త్రంలో ప్రపంచానికి పేరు తెలిసిన మనిషి. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో పోయారు. మన పిల్లలకి ఆయన పేరు చెప్పేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి ఇక్కడ చెబుతున్నాం.

ఇంతకీ మా పొరపాటు. పొద్దున పదిగంటలకి, పలచటి మేజోళ్లతో కొన్నాం. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది, పరుగులో ఇంకా ముందుకి జారుతుంది. అబ్బాయికి షాపులో సరిపోయినట్టే అనిపించింది. మూడో రోజుకి కుడి బొటనవేలి గోరు నల్లబడింది. మార్చమని వెళితే సోల్‌కి మట్టి అంటింది, కుదరదన్నారు. వాళ్ల తప్పు లేదు, మట్టి అంటింది నిజమే. ఆ జత అబ్బాయి తమ్ముడికి వెళ్లింది, మరో 1,699 పెట్టి 9 నంబరు తెచ్చాం. పద్దులో అది 'నష్టం' కింద రాసి ఉంది, ఎవరైనా చూడొచ్చు.

కాబట్టి షూ సాయంత్రం కొనండి. పరుగెత్తేటప్పుడు వేసుకునే మేజోళ్లే తీసుకెళ్లండి. పాత కాగితం మీద నిలబడి పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీసుకోండి, రెండు పాదాలకీ. చాలామందికి ఒకటి కాస్త పెద్దది ఉంటుంది. షూ లోపలి ఇన్‌సోల్ తీసి ఆ గీత మీద పెట్టండి. పాదం గీత ఇన్‌సోల్ దాటి పక్కలకి వస్తే ఆ షూ మీది కాదు, సేల్స్‌మన్ "వాడితే వదులవుతుంది సార్" అన్నా సరే. నిలబడినప్పుడు పొడవాటి వేలికి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మడమ మాత్రం కదలకూడదు.

షాపులోనే చేయగలిగిన పరీక్షలు ఇంకో మూడు ఉన్నాయి. షూ మడమ ఒక చేత్తో, ముందు భాగం ఇంకో చేత్తో పట్టుకుని వంచండి. పాదం వంగే చోట, అంటే వేళ్ల మొదళ్ల దగ్గర, వంగాలి. నడుమ మధ్యలో పుస్తకంలా మడతపడితే పనికిరాదు. తువ్వాలు పిండినట్టు మెలితిప్పండి, కొంచెం తిరగాలి గానీ పూర్తిగా తిరిగిపోకూడదు. మడమ వెనక గోడని బొటనవేలితో నొక్కండి, అది గట్టిగా నిలబడాలి. కాపీ షూ దగ్గర ఈ మూడూ చేసి చూశాం. అది వంగనే లేదు. చెక్కముక్కలా ఉంది.

మెత్తదనం గురించి ఒక మాట. పరుగులో ప్రతి అడుగుకీ మన ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. 5 కి.మీ.కి నాలుగు వేల అడుగులు వేసుకోండి. దాన్ని కొంత మింగేది సోల్ మధ్యలో ఉండే నురుగు పొర. చవక షూలన్నిటిలో అది ఈవీఏ అనే పదార్థం. ఇప్పటి తేలికపాటి బాత్రూం చెప్పులు కూడా దానితోనే చేస్తున్నారు. బన్ను రొట్టెలోలాగా దాని లోపల సన్నటి గాలి బుడగలు ఉంటాయి. అవి నొక్కుకుని మళ్లీ లేస్తాయి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత లేవడం తగ్గుతుంది. మాములుగా రన్నింగ్ షూకి 500 నుంచి 800 కి.మీ. ఆయుష్షు అంటారు, తేలికవి, చవకవి కింది అంచునే ఉంటాయి. పైన గుడ్డ బాగుంది కదా అని నురుగు చచ్చిన షూతో పరుగెత్తడం మన ఇళ్లలో మామూలు. ఇందులో చిక్కేమిటంటే చేత్తో నొక్కితే ఇంకా మెత్తగా ఉందనే అనిపిస్తుంది. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. ఒక పక్కకి ఒరిగి ఉంటే, పక్క గోడల మీద అడ్డంగా ముడతలు పడి ఉంటే దాని పని అయిపోయినట్టే.

ఈవీఏకి ఎండ పడదు. రాయచూరు వేసవి గురించి మీకు చెప్పేదేముంది. తడిసిన షూని మేడ మీద ఎండబెట్టడం, బండి డిక్కీలో మధ్యాహ్నమంతా ఉంచడం చేస్తే నురుగు గుంజుకుంటుంది, సోల్ అతికించిన బంక వదులుతుంది. లోపల పాత న్యూస్‌పేపరు కుక్కి, నీడలో ఫ్యాన్ కింద పెట్టండి. వాషింగ్ మెషీన్ వద్దు.

ఇక పరుగు. టౌన్‌షిప్ లోపలే ఒక చుట్టు కొలిచి పెట్టుకున్నాం. రాయచూరు-మహబూబ్‌నగర్ రోడ్డు మీదికి, కృష్ణ వంతెన మీదికి మాత్రం వెళ్లొద్దని అబ్బాయికి గట్టిగా చెప్పాం. చీకట్లో బూడిద ట్యాంకర్లు వచ్చే దారి అది. వారానికి ఐదు రోజులు పరుగు, ప్రతి ఆదివారం 5 కి.మీ. టైము. మా పని స్టాప్‌వాచ్ పట్టుకోవడం, రిజిస్టర్‌లో రాయడం. మిగతా రోజులు మా షూ వేసుకుని మూడు కిలోమీటర్లు నడిచాం, చివర్లో ఒక రెండు వందల మీటర్లు పరుగు లాంటిది చేశాం. దాన్ని పరుగని అబ్బాయి ఒప్పుకోలేదు.

రెండో వారంలో అబ్బాయి పిక్కలు పట్టేశాయి. కారణం తర్వాత తెలిసింది. మామూలు స్పోర్ట్స్ షూలో వేళ్ల వైపు కంటే మడమ వైపు 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తు ఉంటుంది. తేలిక షూల్లో ఆ తేడా తక్కువ, మాది 6. మడమ కిందికి దిగితే పిక్కకి, మడమ నరానికి పని పెరుగుతుంది. షూ చెడ్డదని కాదు, ఒక్కసారిగా మారడం తప్పు. మొదటి రెండు మూడు వారాలు సగం దూరమే కొత్త షూతో పరుగెత్తాలి. మాకు ఎవరూ చెప్పలేదు, మేం మీకు చెబుతున్నాం. అంతకుముందు కాపీ షూ రోజుల్లో వచ్చింది ఇంకో నొప్పి, మోకాలి కింద ముందు ఎముక వెంట. దానికి డాక్టరు రెండు వారాలు ఆపమన్నారు. ఆ నెపం పూర్తిగా షూ మీద వేయలేం. ఎవరో సీనియర్ చెప్పాడని ఒకే వారంలో దూరం రెట్టింపు చేశాడు. ఎముక మీద ఒకే చోట వేలు పెడితే గుచ్చినట్టు నొప్పి ఉంటే షూ మార్చి ఊరుకోవద్దు, పరుగు ఆపి డాక్టరుకి చూపించండి.

పట్టు విషయంలో ఈ షూకి మార్కులు తక్కువ. పొడి తారు మీద బాగుంది. అక్టోబరు వానలకి తడిసిన నల్లరేగడిలో సోల్ గాళ్లలో మట్టి అంటుకుని షూ బరువు అటు ఇటుగా రెట్టింపైంది, మళ్లీ కాటా మీద పెట్టి చూశాం. తడి షాబాదు బండల మీద అయితే జారింది. సంఘం ఆఫీసు వరండాలో బకెట్ నీళ్లు పోసి మరీ చూశాం. కారణం సోల్ అడుగున రబ్బరు మడమ దగ్గర, ముందు కొంత మేర మాత్రమే ఉంది, మిగతా అంతా నురుగే. బరువు తగ్గించిన కిటుకు అదే. మన ఇళ్లలో గుమ్మాల ముందు, కొళాయిల దగ్గర షాబాదు బండలే కాబట్టి పెద్దవాళ్లు ఇలాంటి షూ కొంటే అడుగు తిప్పి రబ్బరు ఎంత ఉందో చూడాలి. మేం మా జతని తడి రోజుల్లో వాడటం మానేశాం.

అరుగుదల ఇలా సాగింది. తొమ్మిదో వారానికి కుడి షూ మడమ బయటి అంచు రబ్బరు సగం పోయింది. పదకొండో వారంలో చిటికెన వేలి దగ్గర జాలీ గుడ్డ చిరగడం మొదలైంది, చెప్పులు కుట్టే ఆయన ఇరవై రూపాయలకి లోపల ముక్క వేసి కుట్టారు. పద్నాలుగు వారాలకి రిజిస్టర్ ప్రకారం 418 కి.మీ. ఇంకో వంద వస్తుందని మా అంచనా. అప్పుడు కిలోమీటరుకి మూడు రూపాయల పైచిలుకు పడుతుంది. ఏడు వేల షూ ఎనిమిది వందల కిలోమీటర్లు వచ్చినా కిలోమీటరుకి ఎనిమిది ముప్పావు.

అబ్బాయి అడిగిన ఏడు వేల షూ మంచిదే, నురుగు మెరుగైనది, పట్టు బాగుంటుంది. చేతిలో డబ్బున్న వాళ్లు కొనుక్కుంటే తప్పు లేదు. ఇక ఇంతకంటే ఖరీదైనవి, లోపల కార్బన్ పలక పెట్టినవి వేరే లోకం. 2019లో వియన్నాలో కిప్‌చోగే రెండు గంటల లోపు మారథాన్ దూరం పరుగెత్తింది అలాంటి షూతోనే. ఆ తర్వాతి ఏడాది ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ రోడ్డు షూల సోల్ ఎత్తు 40 మిల్లీమీటర్లు దాటకూడదని కట్టడి పెట్టింది. రోజూ సాధనకి వాటితో పని లేదు.

కాపీ షూ మాత్రం వద్దు. తొమ్మిది వందలు పెట్టి ఇంకొకరి గుర్తు కొనడం తప్ప అందులో ఏమీ లేదు. 2024 నుంచి పాదరక్షలకి నాణ్యతా ఉత్తర్వులు అమల్లోకి వచ్చాయి. చిన్న తయారీదారులకి మినహాయింపులు ఉన్నాయి గానీ, ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని కింద ఉండే లైసెన్సు నంబరుని ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. బిల్లు తప్పకుండా అడగండి. జీఎస్టీ ఇంతకుముందు వెయ్యి రూపాయలు దాటిన జతకి 18 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా 5 శాతమే. పాత స్టాకు మీద పాత ధరే అడిగితే ఈ మాట గుర్తు చేయండి. మేం గుర్తు చేశాకే 1,699 అయింది.

షుగరు ఉన్న పెద్దవాళ్లకి వేరుగా రెండు మాటలు. తేలిక షూ, వెడల్పు ముందు భాగం, గాలి ఆడే జాలీ మీకూ హాయిగా ఉంటాయి. అయితే పాదాల్లో స్పర్శ తగ్గిన వాళ్లకి షూ కరిచినా తెలియదు. వేసుకునేముందు లోపల చెయ్యి పెట్టి రాళ్లు, మడతలు చూడండి, విప్పాక పాదం చూసుకోండి, పుండు ఏదైనా ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అబ్బాయి టైములు కూడా చెప్పాలి కదా. మొదటి ఆదివారం 27 నిమిషాల 5 సెకన్లు. ఏడో ఆదివారం 25:10. పద్నాలుగో ఆదివారం 23:48. మూడు నిమిషాలకి పైగా తగ్గింది. మా లెక్క ప్రకారం అందులో షూ వాటా పది పదమూడు సెకన్లు. మిగతాదంతా తెల్లవారుజామున ఐదింటికి లేచిన వాడిది. అయితే 24 నిమిషాలకి వాడి దగ్గర మిగిలింది పన్నెండు సెకన్లే. ఆ లెక్క వాడే వేసి, "చూశారా అంకుల్, షూ లేకపోతే పోయేదే" అన్నాడు. కాదనలేకపోయాం. ఆ తల్లి మాత్రం మిగిలిన అయిదు వేల చిల్లరతో కోచింగ్ ఫీజు కట్టారు.

అరిగిన జత, కోసి చూసిన కాపీ షూ, మా రిజిస్టర్ సంఘం ఆఫీసులో అలమరా కింది అరలో ఉన్నాయి. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఎవరైనా వచ్చి చూడొచ్చు, వంచొచ్చు. కొనడానికి రాయచూరు వెళ్లేవాళ్లు ముందురోజు వస్తే పాదం గీత గీసి ఇస్తాం. కాగితం, పెన్సిలు మావే.